గాడిపొయ్యిలో వంపు

పోయిన వారం మిమ్మల్ని మా గడపలోనే నిలబెట్టి వెళ్లిపోయాను. పేపర్లో ఫోటో చూసి ఇల్లంతా సంబరపడుతుంటే, మా అత్తమ్మ ఒక్కతే ఆ ఫోటో వంక కాసేపు చూసి, చేతిలోని చాట కింద పెట్టి, మాట్లాడకుండా వంటింట్లోకి పోయిందని చెప్పి ఆపేశాను. ఓపిగ్గా ఎదురు చూసినందుకు మీకు దండాలు. ఇప్పుడు ఆ వంటింట్లోకే వెళ్దాం.

మొదటిసారి చదువుతున్నవారి కోసం నాలుగు ముక్కలు. నా పేరు ప్రసన్న. మొన్న శ్రావణంలో పెళ్లయింది. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, మామయ్యకు బస్టాండు దగ్గర పోచంపల్లి చీరల దుకాణం. మా ఆయన శ్రీధర్ కాలేజీలో చరిత్ర చెబుతాడు, సెలవులొస్తే మట్టి తవ్వుతాడు. నాగోల్ దాటాక మూసీ ఒడ్డున ఒక పెద్ద మట్టిదిబ్బ ఉంది. దాన్ని పాటిగడ్డ అంటారు. ఎప్పుడో ఊరుండి పాడుబడిన చోటికి మన వైపు ఆ పేరే. వాన పడిన ప్రతిసారీ అక్కడ పాత కుండపెంకులు తేలుతాయి. రెండు వేల ఏళ్ల కింద ఈ మూసీ లోయలో మనుషులు గొప్పగా బతికారని, వాళ్ల ఊరు ఆ దిబ్బ కిందే ఉందని శ్రీధర్ నమ్మకం.

ఆ నేలను మధుకర్ అనే ఆయన ప్లాట్లు చేయడానికి కొన్నాడు. ఆయన కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడ్డమల్లా ఒక్కటే. పురావస్తు శాఖలో పని చేసి రిటైరయిన భానుమూర్తి గారు వచ్చి చూడాలి. అక్కడ పాత ఊరుందని ఆయన శాఖకు రాసిస్తే దిబ్బ మిగులుతుంది. లేదంటే జేసీబీ దిగుతుంది. సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లోనే, సరిగ్గా అడిగి తెప్పించుకున్నట్టు, ఆ దిబ్బలో శ్రీధర్‌కు ఒక పొడవాటి పొయ్యి దొరికింది. కాలి ఎర్రబడ్డ అంచులు, బూడిద, బూడిదలో నలుపూ ఎరుపూ కలిసిన పాత పెంకులు, మాడిన బియ్యపు గింజలు. ఊరంతా ఒక్కచోట వండుకున్న పొయ్యి అని అతను తేల్చాడు. పేపరువాళ్లు దాన్ని ‘మూసీ ఒడ్డున రెండు వేల ఏళ్ల వంటశాల’ అని వేశారు. భానుమూర్తి గారు వచ్చేది ఆ మర్నాడు పొద్దున్నే.

కథ అక్కడుంది. నేనెక్కడున్నానో కూడా చెప్పాలి కదా. నేను మేఘాల మీద ఉన్నాను. మొదటి బతుకమ్మకు పుట్టింటికి రమ్మని చౌటుప్పల్ నుంచి అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. బస్సులు లేవమ్మా అని నేను రోజూ బాధగా చెబుతాను. పెట్టేశాక అద్దంలో చూసుకుంటే ఆ బాధ ఎక్కడా కనబడదు. సమ్మె పుణ్యమా అని కాలేజీ లేదు, శ్రీధర్ ఇంట్లోనే ఉంటాడు. గిన్నెల బుట్టలో గరిటెల పక్కన అతని తాపీ ఆరుతుంటుంది. నా కాటుక డబ్బా పక్కన కుండపెంకులు తుడిచే కుంచె ఉంటుంది. ఎండకు అతని చెవులు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. ఇంత చిన్న చిన్నవాటికే ఇంత సంతోషం దొరుకుతుందని డిగ్రీలో ఎవరూ చెప్పలేదు.

అందుకే అత్తమ్మ మొహం అట్లా వాడిపోవడం నాకు ఒక్క క్షణం కూడా నచ్చలేదు. వెనకాలే వెళ్లాను.

ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది. గ్యాస్ వెలిగించలేదు. పేరుకు భాగ్యమ్మ, కాలనీ ఆడవాళ్లందరికీ మాత్రం భాగ్యక్క. తెలంగాణ ఉద్యమం పని అంటే ముందు ఆమె తలుపే తడతారు. మాట దాచుకునే అలవాటు లేని మనిషి. అట్లాంటిది ఆ రోజు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

“గది మా పొయ్యి బిడ్డా.”

ఏ పొయ్యి అని అడిగాను.

“గా పేపర్ల ఉన్నది. మేమే తవ్వినం. మేమే వండినం.”

పోయిన ఏడాది మాఘమాసంలో ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్నారట. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చుని తినాలి. అదే నిరసన. మీర్‌పేట్ నుంచి, అల్మాస్‌గూడ నుంచి ఆడవాళ్లు ఇంటికింత బియ్యం కొంగున కట్టుకుని వచ్చారు. తీరా చూస్తే పోలీసులు రోడ్డు మీద అగ్గి ముట్టించనివ్వలేదు. పప్పు నానింది, కూరగాయలు కోసి పెట్టారు, జనం ఆకలి మీదున్నారు. ఎవరో మూసీ గడ్డ ఖాళీగా ఉందన్నారు. పెద్ద పెద్ద డేక్సాలు ట్రాలీ ఆటోలో వేసుకుని అందరూ అక్కడికి పోయారు. పెళ్లిళ్లలో తవ్వినట్టే పొడుగ్గా నేల తవ్వి గాడిపొయ్యి చేసి, బగారన్నం, పప్పుచారు వండారు. తిన్నారు, పాడుకున్నారు. పోయేటప్పుడు నిప్పు ఆరడానికి తవ్విన మట్టే మళ్లీ లోపలికి తోసి, కాళ్లతో తొక్కి వచ్చారు.

అప్పుడు శ్రీధర్ పుణెలో చదువుకుంటున్నాడు. అమ్మ వంటావార్పుకు పోయిందని ఫోన్లో విన్నాడంతే. ఎల్బీనగర్ అని విన్నాడు, అక్కడే అనుకున్నాడు.

ఆ దిబ్బ మట్టి నిండా పాత పెంకులే. ఆ మట్టినే పొయ్యిలో తోస్తే బూడిదలో పెంకులు ఉండక ఏముంటాయి. రెండు వానాకాలాల్లో పైన గడ్డి మొలిచింది. బూడిద రెండేళ్లది కూడా కాదు. పెంకులు రెండు వేల ఏళ్లవి. రెండూ కలిపి చూసి మా ఆయన పొంగిపోయాడు.

ఇప్పుడే వెళ్లి చెప్పేద్దాం అన్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“రేపొక్క పూట ఆగు. గా సారొచ్చి రాసి పోనీ. గడ్డ నిలబడుతది. అటెన్క నేనే చెప్త వానికి.” తర్వాత కళ్లు దించుకుని ఇంకో మాట అంది. “వాడు పెండ్లినాడు గూడ గంత నవ్వలే.”

ఆ మాటకు నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. నిజమే మరి. పెళ్లిఫోటోల్లో అతను నా పక్కన ఎవరో అప్పగించిన సామానుకు కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. ఈ పేపరు ఫోటోలో మాత్రం ఆ గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని పళ్లన్నీ చూపించాడు. నేను సరేనని తల ఊపాను.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. ఆ పూట పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. మామయ్య ఒక్క ముద్ద తిని, పచ్చడి జాడీ దగ్గరికి జరుపుకున్నారు. శ్రీధర్ గమనించను కూడా లేదు. రేపు భానుమూర్తి గారికి ఏం చూపించాలో, ఎక్కడ నిలబెట్టాలో, ఏ ఎండలో పొయ్యి అంచులు బాగా కనిపిస్తాయో చెబుతూ ఆ చప్పటి పప్పుతోనే అన్నమంతా తిన్నాడు. లేచి, పప్పు బాగుందన్నాడు. చేయి కడుక్కోవడానికి పోతూ నా కొంగుకే మూతి తుడుచుకున్నాడు.

ఇంత మంచివాణ్ని పెట్టుకుని ఎట్లా దాచను. కంచాలు తీసుకుని వంటింట్లోకి పోయి అత్తమ్మ ముందు నిలబడ్డాను.

“నాతోని కాదు అత్తమ్మా. మీరన్న చెప్పున్రి, నన్నన్న చెప్పనియ్యిన్రి.”

కోడలిగా ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తడిచేతులు చీరకు తుడుచుకుని, “పా” అంది.

శ్రీధర్ నేల మీద కూర్చుని తాపీకి అంటిన మట్టి గీకుతున్నాడు. అత్తమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు చెప్పినట్టే, చౌరస్తా నుంచి మొదలుపెట్టి మట్టి తొక్కి రావడం దాకా అంతా చెప్పింది. అతను సగం దాకా నవ్వుతూనే విన్నాడు. అమ్మ ఏదో పాత ముచ్చట చెబుతోందనుకున్నాడు. తర్వాత తాపీ కింద పెట్టాడు.

గడ్డ చాలా పెద్దది, మీరు వేరే పక్కన వండి ఉంటారు అన్నాడు. అట్లాగే ఉండాలని అతని గొంతు బతిమాలుతోంది. అత్తమ్మ మంచినీళ్ల చెంబులో వేలు ముంచి గచ్చు మీద గీసింది. పొడుగ్గా ఒక గాడి. ఒక కొస నది వైపు. మూడు డేక్సాలకు మూడు చోట్లు. రెండు తిన్నగా, మూడోది కొంచెం పక్కకు తిరిగి.

శ్రీధర్ ఆ తడిగీతను చూస్తూ ఉండిపోయాడు. నేను కూడా చూశాను. పేపరు ఫోటోలో ఉన్నది అచ్చం అదే. ఆ వంపుతో సహా.

ఆ వంపు గురించి మీకు చెప్పాలి. దాన్ని చూసే శ్రీధర్ అన్నిటికంటే ఎక్కువ మురిసిపోయాడు. నది మీది నుంచి వచ్చే గాలి మంటను ఆర్పకుండా ఆ కాలపు మనుషులు కావాలనే పొయ్యిని వంచారని పేపరాయనకు వివరంగా చెప్పాడు. సరిగ్గా మేం ఆ తడిగీత చూస్తున్న సమయానికే ముందుగదిలోకి పక్కింటాయన వచ్చినట్టున్నాడు, మామయ్య పేపరు విప్పి గొంతెత్తి చదవడం మొదలుపెట్టారు. “గాలి గమనంపై ఆనాటి ప్రజలకు ఉన్న అపారమైన అవగాహనకు ఈ వంపు నిదర్శనం.” చదివి, మావోడు చెప్పిందే అని కలిపారు.

మా ముగ్గురిలో ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

“వంకరెందుకొచ్చిందమ్మా?” చివరికి శ్రీధర్ అడిగాడు.

“మాతోని వచ్చిన లచ్చయ్య తవ్విండు గద. గడ్డపార దేనికో తగిలింది. ఇంకో రెండు పోట్లు పొడిసిండు, రాలే. నడుము నొస్తుందని పక్కకు మలుపుకున్నడు.”

శ్రీధర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతుల మధ్య నుంచి, గుంత ఎంత పై పొర నుంచి తవ్వితే అంత కొత్తదని, అది ముందు చూడాలని తాను పిల్లలకు మొదటి రోజే చెబుతానని, గడ్డ పోతుందన్న ఆత్రంలో తనే చూడలేదని అన్నాడు. చేతులు తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పొద్దుగాలే పేపర్ల చూసినవ్ గదమ్మా. ఎందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలెరా.”

“రేపు ఆయన ముందర నేను అబద్ధం చెప్పేటోణ్ని.”

“నీకు తెల్వకపాయె. అబద్ధమెట్లయితది?”

“నీకు తెలుసు గద.”

మెల్లగానే అన్నాడు. కానీ అత్తమ్మ చెంప మీద కొట్టినట్టు తల తిప్పుకుంది. చెంబులో వేలు ముంచి, ఎండిపోతున్న గీత మీద మళ్లీ గీయబోయి ఆగింది. గడ్డ పోతే కొడుకు మొహం ఎట్లా చూడాలో తెలియలేదని, తాము ఒక పూట తిన్న కూడు కొడుకు పనిని మింగిందంటే ఆ తిన్నది ఎట్లా అరుగుతుందని, నేలనే చూస్తూ అంది. ఆ మాటల్లో తనను తాను కాపాడుకోవాలన్న ఆరాటం ఏమీ లేదు.

కొత్త కోడలికి ఇట్లాంటప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. దేవుడి దయ వల్ల మా ఇల్లు చిన్నది. ముగ్గురం అట్లా కూర్చుంటే మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి. కోపమొచ్చినా దూరంగా జరగడానికి చోటు ఉండదు.

కాసేపటికి శ్రీధర్ గచ్చు మీది గీతకేసి వంగాడు. వంపు దగ్గర వేలు పెట్టాడు. అతని మొహంలో ఏదో కదిలింది. నాకు ఆ మొహం అప్పటికే బాగా తెలుసు. మంచి పెంకు కనబడ్డప్పుడు, నేను కొత్త చీర కట్టుకున్నప్పుడు అదే మొహం.

“లచ్చయ్య గడ్డపార దేనికి తగిలింది?”

“ఏమో, రాయనుకున్నం.”

“సప్పుడెట్లొచ్చింది?”

అత్తమ్మ కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. “రాయి తీర్గ ఖణ్‌మనలే. దబ్బుమన్నది. కింద ఉత్తగున్నట్టు.”

శ్రీధర్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. అమ్మ చెయ్యి తీసుకుని, ఆ తడి వేలిని తన కళ్లకు అద్దుకున్నాడు. రేపు మొదట నిజం చెప్పేస్తానని, ఆ తర్వాత ఆ వంపు కింద ఏముందో చూడనివ్వమని భానుమూర్తి గారిని అడుగుతానని అన్నాడు. ఒప్పుకోకపోతే గడ్డ పోతుంది. ఒప్పుకుని చూశాక కింద ఉత్త రాయే ఉంటే కూడా గడ్డ పోతుంది. అయినా అంతే అన్నాడు.

మర్నాడు పొద్దున ఆటోలు కూడా లేవు. ముగ్గురం ఒకే స్కూటర్ మీద బయల్దేరాం. ముందు శ్రీధర్, మధ్యలో నేను, వెనక అత్తమ్మ. ఎప్పుడూ కిక్కిరిసి ఉండే రోడ్డు అప్పుడే ఊడ్చిన వాకిలిలా ఉంది. చైతన్యపురి, కొత్తపేట పండ్ల మార్కెట్టు అట్లా గాలిలా దాటిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్ష టెంటు కింద కూర్చున్నవాళ్లు భాగ్యక్కా అని చేతులూపారు. ముగ్గురెక్కారేందని పోలీసాయన విజిల్ వేయబోయి, వెనక ఉన్న మనిషిని గుర్తుపట్టి, విజిల్ జేబులో పెట్టుకున్నాడు. అంత భయంలోనూ నాకు శ్రీధర్ వీపు మీద తల ఆనించే చోటు దొరికింది. ఆ ప్రయాణానికి నేను ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు. సమ్మెకే చెప్పుకుంటాను.

గడ్డ మీద గునుగు పూలు తెల్లగా ఊగుతున్నాయి. జేసీబీ ఒక పక్కన నిలబడి ఉంది. దాని నీడలో మధుకర్. అప్పటికే భానుమూర్తి గారు వచ్చేశారు. మూసారాంబాగ్ నుంచి తన పాత బండి మీద, భుజాన సంచితో, సంచిలో ఫ్లాస్కుతో. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. గుంత దగ్గరికి నడవబోతుంటే శ్రీధర్ అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. నమస్కారం పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

వినడం అయ్యాక భానుమూర్తి గారు అత్తమ్మ వైపు తిరిగారు.

“అయితే ఇది తమరి వంటన్నమాట.”

అత్తమ్మ తల ఊపింది. జేసీబీ నీడలోంచి మధుకర్ పెద్దగా నవ్వాడు. “నాకు ఫోటో చూడంగనే అనుమానమొచ్చింది సార్. నేను గూడ ఒచ్చిన ఆనాడు. రెండుసార్లు పెట్టిచ్చుకొని తిన్న.” అత్తమ్మకేసి చూసి, బగారన్నం మస్తుగుండె అక్కా అని కూడా అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అన్నాడు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

భానుమూర్తి గారు మాత్రం నవ్వలేదు. “నిజం చెప్పారు బాబూ, సంతోషం. పెద్ద పెద్దవాళ్లే చెప్పరు. కానీ నేను రాయాల్సింది మీ గురించి కాదు కదండీ, ఈ దిబ్బ గురించి. పెంకులు ఏటి ఒడ్డున ఎక్కడైనా దొరుకుతాయి. పొయ్యి లేదంటే ఇప్పుడు నేను ఏం చూసి రాయమంటారు?”

శ్రీధర్ వంపు సంగతి చెప్పాడు. మధుకర్ ఒప్పుకోలేదు. ఇట్లా అయితే రోజుకో గుంత తవ్వుతూ పోతారని, తన డబ్బులు మట్టిలో ఉన్నాయని అన్నాడు. అందులో తప్పేమీ లేదు. భానుమూర్తి గారు ఇద్దరినీ చూసి, ఒక రాయి మీద రుమాలు పరుచుకుని కూర్చున్నారు.

“నా ఫ్లాస్కులో కాఫీ ఉంది. అది అయ్యేదాకా ఉంటాను. తర్వాత ఎవరేం చెప్పినా వినను.”

శ్రీధర్ అప్పటికే గుంతలో ఉన్నాడు. వంపు దగ్గర బూడిద ఎత్తి గంపలో పోయడం, గంప నాకు అందించడం. నేను మోసి అవతల పోసి రావడం. మట్టి నా గాజుల్లోకి, జడలోకి పోయింది. భానుమూర్తి గారు మర్యాద కొద్దీ మధుకర్‌కు కూడా ఒక కప్పు పోయబోయారు. అత్తమ్మ వెంటనే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆయనకు కాఫీ పడదు సారూ.”

మధుకర్ నోరు తెరిచి, ఆమె మొహం చూసి, మూసుకున్నాడు. తిన్న ఉప్పు మీద గౌరవం ఉన్న మనిషి. భానుమూర్తి గారు మీసాల్లో నవ్వుకుంటూ ఆ కప్పు తనే చాలా మెల్లగా తాగడం మొదలుపెట్టారు.

తాపీ ఎక్కడో తగిలింది. దబ్బుమంది. పైన ఉన్న నాకు కూడా వినబడింది. శ్రీధర్ తాపీ వదిలేసి చేతులతో మట్టి తీయసాగాడు. నల్లని బండపలక ఒకటి బయటపడింది. చేత్తో చెక్కి, నునుపు చేసిన పలక. ఒక మూల విరిగి ఉంది. అది లచ్చయ్య గడ్డపార పోటే అయ్యుండాలి. పలక అంచు కింద ఎర్రగా, గుండ్రంగా తిరిగిన గోడ. ఇటుక కాదు. కుండ కాదు. ఇప్పుడు బావుల్లో సిమెంటు ఒరలు దించుతారే, అట్లా కాల్చిన మట్టితో చేసిన ఒర. దాని కింద ఇంకొకటి.

భానుమూర్తి గారు కాఫీ రాయి మీద పెట్టేశారు. ఇస్త్రీ చొక్కాతోనే గుంతలోకి దిగారు. ఒర అంచు మీద అరచేత్తో నిమిరి, పైకి చూడకుండా అన్నారు. “బావి. ఊరు లేకుండా బావి ఎవరూ తవ్వుకోరు.” తర్వాత గొంతు పెంచి, మధుకర్ గారూ, ఆ బండి వెనక్కి పంపించేయండి అన్నారు.

నేను ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని అట్లాగే నిలబడి ఏడ్చాను. అత్తమ్మ మాత్రం ఏడవలేదు. ఆ పక్కనే నేల మీద కూలబడి, లచ్చయ్య నడుము చల్లగుండాలె అని ఒకటే గొణుక్కుంటోంది. నేను కూడా ఆ నడుముకు మనసులోనే దండం పెట్టుకున్నాను. అది నొప్పి పుట్టకపోతే ఆ గాడి తిన్నగా పోయేది. ఆ రోజు పోలీసులు రోడ్డు మీద వండుకోనిచ్చినా సరే, ఈ బావి గురించి ఎవరికీ తెలిసేది కాదు.

మధుకర్ జేసీబీ ఆయనకు చేత్తో సైగ చేసి, తానూ వచ్చి గుంత అంచున నిలబడ్డాడు. భానుమూర్తి గారి మొహంలో మాత్రం ఇంకా ఏదో తేలలేదు. పలక చుట్టూ వేలు తిప్పి చూపించారు. పలకకూ ఒరకూ మధ్య సందు లేకుండా మెత్తని బంకమట్టి కూరి, చేత్తో అలికి ఉంది. అలికిన వేళ్ల జాడలు ఇంకా చెక్కుచెదరలేదు.

“నీళ్లు తోడుకునే బావిని ఇలా మూయరండీ,” అన్నారు నెమ్మదిగా. “ఇది ఎవరో కావాలని మూశారు. పలక ఎత్తొద్దు. ఆ విరిగిన మూల దగ్గర మట్టి మాత్రం తీయండి.”

శ్రీధర్ కుంచెతో ఆ మూల శుభ్రం చేశాడు. చేయి పట్టేంత సందు. అందులోంచి చల్లని గాలి వచ్చి అతని నుదుటి మీది జుట్టును కదిపింది. భానుమూర్తి గారు టార్చి ఇచ్చారు. శ్రీధర్ బోర్లా పడుకుని, చెంప పలకకు ఆనించి, సందులోకి వెలుతురు వేసి చూశాడు.

నేను ఏముందని అడిగినా వినిపించుకోలేదు. కాసేపటికి, తల ఎత్తకుండానే, చెయ్యి వెనక్కి చాచాడు. కుంచె కావాలేమోనని ఇచ్చాను. అతను కుంచె తీసుకోలేదు. నా చెయ్యే పట్టుకున్నాడు.

“అమ్మను పిలువు,” అన్నాడు. “ముందు అమ్మ చూడాలె.”

అత్తమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా గుంతలోకి దిగింది. తను అన్నం వండిన బూడిదలోనే మోకాళ్లూని, వంగి, సందుకు కన్ను ఆనించింది. శ్రీధర్ టార్చి పట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆమె కన్ను తీసింది. నడుముకు దోపుకున్న కొంగు లాగి, విప్పి, ఇంటికొచ్చిన పెద్దమనిషి ఎదుట వేసుకున్నట్టు నిండుగా తల మీద కప్పుకుంది. ఈ వారం మిమ్మల్ని ఆ గుంత అంచునే నిలబెట్టి వెళ్తున్నాను.